బోర్బన్‌కి చట్టం, ఇప్పసారాకి కేసు

 

ఈసారి పోస్టు సారా గురించి. ఆ మాట చూడగానే కొందరు మొహం తిప్పుకుంటారని తెలుసు. తాగమనో తాగొద్దనో చెప్పడానికి రాయట్లేదు. ఒక సరుకుకి మర్యాద, ఇంకో సరుకుకి కేసు ఎట్లా వచ్చినయో చూద్దామని రాస్తున్నా. మన అడవికీ ఆ కేసుకీ మధ్య దారి హైదరాబాద్ పాతబస్తీ మీదుగానే పోతుంది. పోస్టు పెద్దదే, తీరికగా చదవండి.

2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం అమెరికా బోర్బన్ విస్కీ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. రెండు దేశాల పెద్దలు మాట్లాడుకునే వాణిజ్య విషయాల్లో ఒక సారా పేరు చేరిందన్నమాట. సారా అనే అంటున్నా, ఎందుకంటే బోర్బన్ కూడా సారానే. మొక్కజొన్నను నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెట్టి తీసిన సారా. మన దగ్గర ఇప్పపువ్వుకు జరిగేదీ అదే పని. కానీ ఇప్పసారా ఐదు లీటర్ల డబ్బా దొరికితే పేపర్లో వచ్చే వార్త మీకు తెలిసిందే: ఫలానా తండాలో, ఫలానా గూడెంలో నాటుసారా పట్టివేత, ఒకరిపై కేసు నమోదు.

ముందు బోర్బన్ సంగతి కొంచెం చెప్పాలి. బోర్బన్ అని పేరు పెట్టుకోవాలంటే అమెరికా చట్టం ప్రకారం కొన్ని షరతులున్నాయి. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి వచ్చేటప్పుడు ఘాటు 80 శాతం దాటకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. పీపా కొత్త ఓక్ చెక్కతో చేసి లోపల మంటతో కాల్చినదై ఉండాలి. సీసాలోకి వచ్చేసరికి కనీసం 40 శాతం ఉండాలి. రంగు కలపకూడదు, ఆ రంగు కాలిన చెక్క నుంచే రావాలి. 1964లో అమెరికా కాంగ్రెస్ బోర్బన్ తమ దేశానికే ప్రత్యేకమైన సరుకని తీర్మానం చేసింది. ఇంకో దేశంలో తయారుచేసి ఆ పేరుతో అక్కడ అమ్మడానికి లేదు.

ఇట్లాంటి చట్టం ఉండడం వల్ల ఏమైంది? బోర్బన్ ఇష్టపడేవాళ్లకు పోల్చుకోవడానికి ఒక గట్టి నేల దొరికింది. నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాలు కొద్దికొద్దిగా పోసుకుంటారు. ముందు వాసన చూస్తారు. తర్వాత ఒక చిన్న గుక్క. మింగాక గొంతులో ఎంతసేపు నిలిచిందో చూస్తారు. రెండు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ మొదటి నుంచి చూస్తారు. దీంట్లో మొక్కజొన్నతో పాటు రై కలిపారు, కాబట్టి మిరియాల ఘాటు ఉంది. దాంట్లో గోధుమ కలిపారు, కాబట్టి మెత్తగా ఉంది అని వాదించుకుంటారు. ఇది ఆరేళ్లది, అది పన్నెండేళ్లది, చెక్క వాసన ఎక్కువైంది అంటారు. గంటసేపు కూర్చున్నా తాగేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. హైదరాబాద్‌లో కూడా ఇట్లా కూర్చునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. దీన్ని అభిరుచి అంటారు, సంస్కారం అంటారు.

సరే. మరి మన దగ్గర ఈ పోలిక లేదా?

కల్లు సంగతే తీసుకోండి. తెలంగాణలో ఏ ఊరి పెద్దమనిషిని అడిగినా కల్లు ఒక్కటే రకం అని చెప్పడు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలో మళ్లీ పోద్దాడు వేరు, పరుపుతాడు వేరు, పండుతాడు వేరు. ఏ కాలంలో ఏ తాడు గీస్తారో, దేంట్లో తీపి ఎక్కువో, దేంట్లో పులుపు తొందరగా ఎక్కుతుందో లెక్క ఉంది. భద్రాచలం, రంపచోడవరం వైపు కోయ, కొండరెడ్డి అన్నదమ్ములను అడిగితే జీలుగుకల్లు గురించి పూటంతా చెప్తారు. ఫలానా చెట్టు కల్లు తియ్యగా ఉంటది, ఫలానా చెట్టుది నాలుక మీద గరుకుగా ఉంటది అని చెట్టు చెట్టుకీ పేరు పెట్టి మరీ చెప్పేవాళ్లున్నారు. బోర్బన్ వాళ్లు ఒక్కొక్క పీపాకి నంబరు వేసి అమ్మేది, దీనికి వేరేనా?

ఇప్పపువ్వు సంగతి మన ఆదిలాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. గోండిలో ఇరుప్, తెలుగులో ఇప్ప, కన్నడలో ఇప్పె, తమిళంలో ఇలుప్పై. అన్నీ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. అంటే ఈ భాషలు విడిపోకముందు నుంచే ఈ చెట్టుకు ఆ పేరు ఉందన్నమాట. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లారకముందే పువ్వు రాలుతుంది. ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకొని చెట్టు కిందికి పోతారు. ఎండబెట్టిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. అందుకే కరువు రోజుల్లో అదే అన్నం అయింది. వేయించుకొని తిన్నారు, దంచి రొట్టె చేసుకున్నారు, గింజ నుంచి నూనె తీసుకున్నారు. సారా అనేది ఆ చెట్టు ఇచ్చే పదింటిలో ఒకటి.

ఆ ఒక్కదాంట్లో కూడా పోలికలు ఎన్ని! ఈ ఏటి పువ్వా, పోయినేటి పువ్వా? ఎండ బాగా తగిలిందా, మబ్బులో ఆరి నల్లబడిందా? మట్టికుండలో కాచారా, అల్యూమినియం గిన్నెలోనా? మంట ఆగి ఆగి పెట్టారా, తొందరపడి ఎక్కువ మంట వేశారా? మొదటి ధార ఏది, చివరి ధార ఏది? తెలిసినవాళ్లు ధారలో మొదలు వేరు, నడుమ వేరు, చివర వేరు అని చూస్తారు. కొంచెం మంటలో పోసి ఎట్లా అంటుకుంటదో చూస్తారు. ఇంగ్లీషువాళ్లు సారా ఘాటును ప్రూఫ్ అనే లెక్కలో చెప్తారు గదా, ఆ మాట కూడా మంట పరీక్ష నుంచే వచ్చిందంటారు: సారాలో తడిపిన తుపాకిమందు అంటుకుంటే ఘాటు రుజువైనట్టు. అక్కడి పరీక్ష లేబుల్ మీద అంకె అయింది. మన పరీక్ష మాత్రం ఎక్సైజ్ దాడి ఫొటోలోనే కనబడుతుంది.

ఇప్పుడు పాతబస్తీకి పోదాం.

హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. 17వ శతాబ్దం నడుమ ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే గోల్కొండ రాజ్యానికి చాలాసార్లు వచ్చాడు. వజ్రాల గురించి అతను రాసింది అందరూ చెప్పుకుంటారు. కల్లు గురించి రాసింది చెప్పుకునేవాళ్లు తక్కువ. అప్పటి భాగ్యనగరంలోకి చుట్టుపక్కల నుంచి కల్లు గుర్రాల మీద వచ్చేది. తోలుతిత్తుల్లో పోసి, గుర్రానికి అటొకటి ఇటొకటి కట్టి, పరుగున తోలుకొచ్చేవాళ్లు. రోజుకు 500 నుంచి 600 గుర్రాలు వచ్చేవని అతని లెక్క. పరుగు ఎందుకంటే పొద్దు ముదిరేకొద్దీ కల్లు పులుస్తుంది. తాజా కల్లుకీ పులిసిన కల్లుకీ తేడా తెలిసిన నగరం కాబట్టే గుర్రాలను పరిగెత్తించింది. చార్మినార్ చుట్టూ సాయంత్రం పూట తాగిన జనం రుచి తెలిసిన జనమే.

టావెర్నియే ఇంకో మాట కూడా రాశాడు. ఆ కల్లు మీద వచ్చే పన్ను రాజుకు పెద్ద ఆదాయమట. కుతుబ్‌షాహీలు 1687లో పోయారు. పన్ను పోలేదు.

అసఫ్‌జాహీల కాలంలో దీని పేరు ఆబ్కారీ. ఫారసీలో ఆబ్ అంటే నీళ్లు. పేరు చల్లగా ఉంది గానీ పని అట్లాంటిది కాదు. నగరంలో ఈతకల్లుకు సేంధీ అనే పేరు స్థిరపడింది, ఇప్పటికీ పాతబస్తీ ముసలోళ్ల నోట ఆ మాట వినిపిస్తుంది. కల్లు, సారా అమ్మే హక్కును వేలం పాటలో గుత్తకు ఇచ్చేవారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు ఆ ప్రాంతం. గుత్తేదారు పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవాలి గదా. కాబట్టి అతని దుకాణం బయట ఎవరూ తీయకూడదు, కాయకూడదు, అమ్మకూడదు. నిజాం ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి అయింది. 1316 ఫసలీలో, అంటే మన లెక్కన 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. నారాయణగూడలో సర్కారీ డిస్టిలరీ కూడా నడిచింది. పాతబస్తీ కచేరీల్లో కూర్చున్నవాళ్లకు ఆదిలాబాద్ అడవిలోని ఇప్పచెట్టు ఒక పద్దు మాత్రమే.

ఇక్కడ ఒక మాట గమనించండి. నిజాం చట్టం స్థానంలో 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. దాంట్లో ఎక్సైజ్ చెట్టు అనే మాట ఉంది. తాడి, ఈత, కొబ్బరి లాంటి కల్లు ఇచ్చే చెట్లన్నీ ఎక్సైజ్ చెట్లే. అమెరికా చట్టం చెక్క ఏదో, ధాన్యం ఎంతో, ఘాటు ఎంతో చెప్పింది. మన చట్టం కూడా చెట్టు పేరు చెప్పింది, కానీ ఆ చెట్టు కల్లు ఎట్లా ఉండాలో చెప్పడానికి కాదు. ఎవరు గీస్తే నేరమో చెప్పడానికి. రెండూ మద్యం గురించి రాసిన చట్టాలే. ఒకటి సరుకును కాపాడింది, ఇంకోటి ఖజానాను కాపాడింది.

ఇది నిజాం ఒక్కడి తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బ్రిటిష్ వాళ్లు ఇంకా ముందున్నారు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న రంపలో కొండవాళ్లు తమ ఇంటికోసం గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడింది. దాని పేరు చిగురుపన్ను. మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్లు వసూలుకు దిగారు. 1879 మార్చిలో రంప తిరగబడింది. పోలీసుస్టేషన్ల మీద దాడులు జరిగాయి, తమ్మన్నదొర లాంటి నాయకులు ముందు నిలబడ్డారు, అణచడానికి సర్కారుకు 1880 దాకా పట్టింది. అల్లూరి సీతారామరాజు పోరాటానికి 40 ఏళ్ల ముందే జరిగిన ఈ రంప పితూరీకి కల్లు ఒక ముఖ్యమైన కారణం. పరీక్షల పుస్తకాల్లో పితూరీ అని ఒక లైన్ ఉంటది, చిగురుపన్ను అనే మాట ఒక్కోసారి ఉండదు కూడా.

బొంబాయి వైపు ఇంకో మెట్టు ఎక్కారు. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం, 1892లో మౌరా చట్టం. మౌరా అంటే మన ఇప్పపువ్వే. ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు దగ్గర పెట్టుకోవడం మీదే ఆంక్షలు పెట్టారు. సారా సంగతి తర్వాత, ముందు పువ్వే నేరం. కరువులో తినే పువ్వు ఇంట్లో ఉంటే అనుమానితుడు అయిపోయాడు ఆదివాసి.

దీని ఫలితం ఏమిటో మళ్లీ హైదరాబాద్‌లోనే చూడొచ్చు. ధూల్‌పేట పేరు విననివాళ్లు ఉండరు. మూసీకి ఉత్తరాన, బేగంబజార్ పక్కన, మంగళ్‌హాట్‌ను ఆనుకొని ఉంటుంది. పాత కోట గోడ బయట ఉన్నా జనం నోట అది పాతబస్తీనే. అక్కడి లోధీలు తమ పూర్వీకులు బుందేల్‌ఖండ్ వైపు నుంచి సైన్యంతో వచ్చారని చెప్పుకుంటారు. వినాయక చవితికి నగరానికి విగ్రహాలు చేసిచ్చేది, సంక్రాంతికి పతంగులు చేసిచ్చేది వాళ్లే. దశాబ్దాలపాటు ధూల్‌పేట ఇంకోదానికి కూడా పేరు మోసింది: గుడుంబా.

గుడుంబా అంటే ఏందో చెప్పాలంటే ఇప్పసారా పక్కన పెట్టి చూడాలి. ఇప్పసారాకు పువ్వు ఉంది, కాలం ఉంది, కుండ ఉంది. గుడుంబాకు కావలసింది నల్లబెల్లం, పటిక, తొందర. ఎక్సైజ్ వాళ్లు వస్తారనే భయం మీద కాచే సరుకు అది. ఎవరూ రుచి చూడరు, ముక్కు మూసుకొని మింగుతారు. తొందరగా పులియడానికి ఏది దొరికితే అది పడేస్తారు. పేగులు, కాలేయం పోయిన ఇళ్లు పాతబస్తీలో ఉన్నాయి, మన తండాల్లో ఉన్నాయి, గూడేల్లో ఉన్నాయి. నా దృష్టిలో గుడుంబా ఆబ్కారీ కన్న బిడ్డ. దగ్గరున్న పువ్వుతో నెమ్మదిగా కాచుకోవడం నేరం అయ్యాక, దొంగచాటుగా తొందరగా కాచేది మిగిలింది. రుచి తెలిసినవాడి అవసరమే లేకుండా పోయింది. 2014 తర్వాత తెలంగాణ ప్రభుత్వం గుడుంబా నిర్మూలన అని పెద్ద ఎత్తున దాడులు చేసింది, ధూల్‌పేట కుటుంబాలకు వేరే ఉపాధి పథకాలు ప్రకటించింది. పోలీసు రికార్డులో ధూల్‌పేట లోధీ, మన గూడెం మనిషి ఒకే గడిలో ఉన్నారు. ఇద్దరినీ అక్కడ కూర్చోబెట్టిన చరిత్ర కూడా ఒకటే.

కల్లుకు కూడా నగరంలో ఇదే గతి పట్టింది. హైదరాబాద్‌లో మూతబడ్డ కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. చెట్లు లేని నగరానికి అంత కల్లు ఎక్కడి నుంచి వస్తది? క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి జనం ఆసుపత్రి పాలైన వార్తలు వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు 500 గుర్రాలు పరుగున తెచ్చిన తాజా కల్లు తాగిన నగరం ఇదే.

ఇప్పుడు అక్కచెల్లెళ్లు అడగబోయే ప్రశ్నకు వస్తా. సారాతో ఇల్లు గుల్లయిన ఆడవాళ్ల ముందు రుచి, పోలిక, సంస్కారం అని మాట్లాడితే సిగ్గుచేటు కాదా?

ఆ ప్రశ్న న్యాయమైనదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక పోరాటం ఆడవాళ్లు గెలిచిన పోరాటం. రోశమ్మ పేరు అందరికీ తెలుసు. వాళ్ల ఒత్తిడికి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. అయితే ఆ ఆడవాళ్లు కొట్టి తగలబెట్టిన సారా ఏది? ప్యాకెట్లలో ఊరూరికీ పంపిన సర్కారీ సారా. దాని పథకం పేరు వారుణి వాహిని. గుత్తేదారు, ప్యాకెట్టు, వేలం పాట, ఖజానా. అంటే వాళ్లు పోరాడింది కూడా ఆబ్కారీ మీదనే. పెళ్లికి, చావుకి, పండక్కి కాచుకుని పెద్దలకు రెండు చుక్కలు నేల మీద వదిలి తాగే సారాకీ, రోజూ కూలి డబ్బులు లాక్కునే ప్యాకెట్టుకీ తేడా వాళ్లకు బాగా తెలుసు.

మన చరిత్రలో ఆదివాసులే తాగుడు వద్దనుకున్న ఘట్టం కూడా ఉంది. 1922-23లో దక్షిణ గుజరాత్ ఆదివాసుల్లో దేవి ఉద్యమం లేచింది. దేవి చెప్పిందని ఊళ్లకు ఊళ్లు కల్లు, సారా మానేశాయి. లైసెన్సు దుకాణాలు నడిపే పార్సీ వ్యాపారులు గగ్గోలు పెట్టారు. వద్దనుకోవడం కూడా ఒక హక్కే, వాళ్లు ఆ హక్కును వాడుకున్నారు. గుత్తేదారు దెబ్బతిన్నాడు.

ఇప్పుడు మళ్లీ అమెరికా. బోర్బన్ పుట్టిల్లు కెంటకీ. ఆ నేల మీద షానీ, చెరోకీ ప్రజలు తిరిగేవారు. మొక్కజొన్న ఎవరిది? ఇప్పటి మెక్సికోలో వేల ఏళ్ల కిందట మూలవాసులు ఒక గడ్డిమొక్కను సాగులోకి తెచ్చి, ఎంచి ఎంచి పెంచిన పంట అది. అక్కడి నుంచి ఖండమంతా పాకింది. బోర్బన్‌లో 51 శాతం అని చట్టం చెప్పే ధాన్యం వాళ్ల చేతుల మీద పుట్టింది. కానీ 1834లో అమెరికా ప్రభుత్వం మూలవాసుల భూముల్లో డిస్టిలరీ పెట్టకూడదని చట్టం చేసింది. మొక్కజొన్న మీది, సారా తీసే హక్కు మాత్రం మీది కాదు. ఆ చట్టం ఎన్నాళ్లు ఉందో ఊహించండి. 184 ఏళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని చెహాలిస్ తెగ తమ భూమిలో డిస్టిలరీ కట్టాలనుకున్నప్పుడు ఈ పాత చట్టం అడ్డొచ్చింది. వాళ్లు కొట్లాడారు. 2018 డిసెంబర్‌లో దాన్ని రద్దు చేశారు. 2020లో వాళ్ల డిస్టిలరీ టాకింగ్ సీడర్ పేరుతో తెరుచుకుంది.

పక్క రాష్ట్రం టెనెసీలో ఇంకో కథ. జాక్ డేనియల్ అనే పేరు ప్రపంచానికి తెలుసు. అతనికి సారా కాచడం నేర్పినవాడు నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి మనిషి, బానిసగా ఉన్నవాడు. 2016 దాకా ఆ పేరు పెద్దగా బయటికి రాలేదు. ఇప్పుడు అతని పేరు మీదే ఒక విస్కీ ఉంది. పని చేసిన చేయి ఒకటి, సీసా మీద పేరు ఇంకోటి అన్నది మన ఒక్కరి అనుభవం కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఇప్పపువ్వుకు ఇప్పుడు కొత్త రోజులు వస్తున్నయి. అది సంతోషమో భయమో ఇంకా తేలలేదు. గోవాలో జీడిమామిడి పండు నుంచి తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ మద్యంగా ప్రకటించింది. ఒకప్పుడు నాటుసారా లెక్కలో పడ్డ సరుకే అది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యం అని పిలిచి, అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల ఆదివాసీ స్వయంసహాయక సంఘాలతో తయారుచేయించి మొహులో అనే పేరుతో తెచ్చింది. మన చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ ఉన్న డెస్మండ్ నజరెత్ అనే వ్యాపారవేత్త 2018లో గోవాలో ఇప్పపువ్వు స్పిరిట్‌ను సీసాల్లో దింపాడు. బోర్బన్ గ్లాసు పట్టుకునేవాళ్లు ఇప్పుడు దాన్ని కూడా వాసన చూస్తున్నారు, పువ్వు వాసన, పొగ వాసన అని రాస్తున్నారు. ఆ మాటలు మన ముసలోళ్లు ఎప్పుడో చెప్పారు, రాసుకున్నవాళ్లే లేరు.

ఇంకో తమాషా చూడండి. మన దేశంలో విస్కీ అని అమ్మే సరుకులో చాలాభాగం చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కు రంగు, వాసన కలిపి చేసేదే. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మడానికి ఒప్పుకోరు. ధాన్యం లేని విస్కీకి ఇక్కడ లైసెన్సు ఉంది, హోలోగ్రామ్ ఉంది, ప్రతి మండలంలో దుకాణం ఉంది. పువ్వు తప్ప ఇంకేం లేని ఇప్పసారాకు కేసు ఉంది.

చట్టంలో మనకు చోటే లేదా అంటే ఉంది. 1974-75లోనే కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజ్ విధానం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బయటి వ్యాపారుల మద్యం దుకాణాలు ఆపాలని, సంప్రదాయ పానీయాలను ఇంటి అవసరానికి తయారుచేసుకోనివ్వాలని దాని సారాంశం. 1996 పెసా చట్టంలో సెక్షన్ 4(ఎం)(i) చదవండి. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో మత్తుపానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలని అందులో ఉంది. నిషేధించాలా, నియంత్రించాలా అన్న రెండు దారులూ అక్కడే ఉన్నాయి. గ్రామసభ వద్దంటే బెల్టు షాపు కూడా ఉండకూడదు. ఈ సెక్షన్ పట్టుకొని ఎక్సైజ్ ఆఫీసుకు పోయిన గ్రామసభ మీకు తెలిస్తే తప్పక చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, అందులో ఇప్పపువ్వు కూడా వస్తది. పువ్వు మీద హక్కు ఉంది, పువ్వుతో ఏం చేయాలో నిర్ణయించే హక్కు మాత్రం కాగితం మీదే ఉంది. మా ఉట్నూర్ వైపు అక్కలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు, హాస్టళ్లలో పిల్లలు తింటున్నారు. రక్తహీనతకు మంచిదంటున్నారు. ఆ పువ్వు మత్తు ఒక్కటే కాదని చూపించడానికి అంతకన్నా పెద్ద వాదన అక్కర్లేదు.

బోర్బన్ షరతుల్లాగే రేపు ఇప్పసారాకు కూడా ఎవరో ఒకరు షరతులు రాస్తారు. కుండనా, రాగి బట్టీనా? ఏ జిల్లా పువ్వు? బెల్లం కలపొచ్చా, కలపొద్దా? ఘాటు ఎంత? పేరు ఏ భాషలో? ఆ బల్ల ముందు కూర్చునేవాళ్లలో మనవాళ్లు ఉంటారా, లేక కంపెనీ మనిషీ ఆబ్కారీ ఆఫీసరే ఉంటారా? భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాలంటే ఉత్పత్తిదారుల సంఘం లాంటిది ఉండాలి, తయారీ పద్ధతి రాసి ఇవ్వాలి. తయారీ పద్ధతి రాయాలంటే తెలిసినవాళ్ల మాటలు కావాలి. తెలిసినవాళ్లకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు.

కాబట్టి ఈ ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయేవాళ్లకు ఒక పని. మీ ఊరి పెద్దలను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ చెట్టు పువ్వు మంచిదంటారు, ఎందుకంటారు? మంచి ధారకు, చెడు ధారకు మీ భాషలో పేర్లేంటి? గోండి, కోయ, కొలామి, గోర్‌బోలి, ఏదైనా సరే, మాట ఎట్లా పలికితే అట్లానే. వాసనకు, తీపికి, గొంతు మంటకు వాడే మాటలన్నీ. కల్లు అయితే ఏ చెట్టు, ఏ నెల. దుకాణం రాకముందు ఎవరు కాచేవాళ్లు, ఎవరి ఇంట్లో కాచకూడదనే కట్టుబాటు ఉండేది, తాగి గొడవ చేసినవాడికి కులపంచాయితీలో ఏ తప్పు వేసేవాళ్లు. ఆడవాళ్లను విడిగా అడగండి, మగవాళ్ల ముందు వాళ్లు చెప్పరు. చెప్పినవాళ్ల పేరు, ఊరు గ్రూపులో పెట్టొద్దు. కేసులు ఇంకా నడుస్తున్నాయి.